పొట్టి బొచ్చు

వేలికి చుట్టిన దూదిని కుక్క చెవిలో తిప్పి బయటికి తీస్తే తారులాంటి జిడ్డు అంటుకొచ్చింది. చిన్నకోడలు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. పులిసిన వాసన. కుళ్ళు వాసనైతే లోపల చీము పట్టిందని అర్థం, స్నానం మాని డాక్టరు దగ్గరికి పంపాలి. పులుపైతే ఫర్వాలేదు, తుడిస్తే పోతుంది.

"ఛీ" అంది, దూదిని బుట్టలో పడేస్తూ.

రోజుకు ఎన్నిసార్లు అంటుందో ఆ మాట. పనిలో చేరిన కొత్తలో అందరూ అన్నారు, అసహ్యం నాలుగు రోజులే, తర్వాత అలవాటైపోతుందని. ఒట్టి అబద్ధం. ఆమెకు అలవాటైంది అసహ్యపడటమే. సాయంత్రం తూము మూత తీసి, అడ్డం పడిన బొచ్చును రెండు వేళ్ళతో పైకి లాగితే సబ్బు నురగా జిడ్డూ కలిసి చచ్చిన ఎలకలా వేలాడుతుంది. కుక్క తోక ఎత్తి, మలద్వారం పక్కన కంపు రసం చేరే తిత్తులు నొక్కితే వచ్చేదాని సంగతి చెప్పుకోకపోవడమే మేలు. ఒకసారి అది నేరుగా ఆమె గడ్డం మీద చిందింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

అదొక కుక్కల స్నానశాల. ముందు గదిలో అద్దాల తలుపు, రంగురంగుల సీసాలు, సోఫా, మేడమ్. వెనక గదిలో రెండు తొట్లు, ఒక ఎత్తు బల్ల, ఎప్పటికీ ఆరని నేల. పొడుగు బొచ్చు కుక్కలన్నీ కత్తెరాయనవి. ఆయన చేతిలో కత్తెర ఎంత ఆడుతుందో నోరూ అంతే ఆడుతుంది. పొట్టి బొచ్చువి చిన్నకోడలి వంతు. ఇంట్లో రెండో కొడుకు పెళ్ళాం కాబట్టి చిన్నకోడలు. పెద్దకోడలు వేరు కాపురం పెట్టి హాయిగా వెళ్ళిపోయినా ఈమె పిలుపు మారలేదు, కనక మనమూ అలాగే అందాం.

పొట్టి బొచ్చంటే పని తక్కువనుకుంటారు జనం. చిక్కులు తియ్యక్కర్లేదు, నిజమే. కానీ పొడుగు బొచ్చు లోపల ఏమున్నా కప్పేస్తుంది. పొట్టి బొచ్చు దేన్నీ దాచదు. గోరు తగిలితే గీత కనిపిస్తుంది, దోమ కుడితే దద్దురు కనిపిస్తుంది. పైగా ఆ వెంట్రుకలు వెంట్రుకలు కావు, సూదులు. ఊడిన ప్రతిదీ బట్టల్లో దూరి, లోబట్టల్లో దూరి, ఎక్కడ గోక్కోలేమో సరిగ్గా అక్కడే గుచ్చుకుంటుంది.

ఇప్పుడు బల్ల మీదున్నది దొరగారు. అసలు పేరు వేరే ఉంది, ఇది కత్తెరాయన పెట్టింది. తేనెరంగు ఒళ్ళు, నల్లటి చప్పిడి మూతి, దాని మీద ముడతలు, అర్జీలు వినే ఆఫీసరులాంటి చూపు. డ్రిల్లు మాస్టారి కుక్క. మాస్టారు బడి వదిలేసి చాలాకాలమైనా మెళ్ళో ఈల తీసెయ్యలేదు.

"డొక్కల దగ్గర ఎర్రబడింది తల్లీ" అన్నాడాయన, మందు సబ్బు సీసా చేతికిస్తూ. "గజ్జి కాదన్నాడు డాక్టరు. చర్మం ఏదో పడక మండుతోందిట. ఈ వారమంతా రోజూ దీంతో స్నానం చేయించమన్నాడు."

"రోజూనా? సరే, తీసుకురండి. నేను చూసుకుంటాగా."

మోచెయ్యి ముంచి నీళ్ళ వేడి చూసుకుంది. రబ్బరు బ్రష్షుతో గుండ్రంగా, మెల్లగా రుద్దింది. మందు సబ్బు పట్టించి నురగను ఒంటి మీద కాసేపు ఉండనిచ్చి, ఆ లోపల మూతి ముడతలు ఒక్కొక్కటే విప్పి తుడిచింది. పైముడతలో నిన్నటి అన్నం మెతుకు పాచిపోయి ఉంది. ఇంకో ఛీ. దొరగారు మాత్రం కళ్ళు మూసుకుని ఒంటి బరువంతా ఆమె పొట్ట మీదికి వాల్చేశాడు. నీళ్ళు తేటబడేదాకా కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దింది.

తర్వాత తొట్టి వెనకున్న మగ్గులో రెండు చేతులూ ముంచింది. అందులో ఉన్నది ఫినాయిలు, నేల తుడిచేది. మొదట్లో నీళ్ళు కలిపేది, ఇప్పుడు కలపడం మానేసింది. ఎప్పుడో తలుపు సందులో నలిగి వంకరపోయిన చిటికెన వేలి దగ్గర చర్మం పగిలి ఉంది, అక్కడ చుర్రుమంది. పళ్ళు బిగబట్టింది. ఘాటు పోకూడదని నీళ్ళతో కడుక్కోకుండా ఉత్త గుడ్డతో ఒత్తుకుంది. ఆ చేతుల్లో కొబ్బరినూనె చుక్కలు వేసుకుని దొరగారి భుజాల నుంచి డొక్కల దాకా పట్టించింది. స్నానమయ్యాక పొట్టి బొచ్చు మీద నూనె చెయ్యి తిప్పితే చర్మం పొడిబారదు. మురికి పనంతా అయిపోయాక చేసే శుభ్రమైన పని అది, శుభ్రమైన చేతుల్తోనే చెయ్యాలి. ఇది ఎవరూ నేర్పింది కాదు, ఆమె సొంత పద్ధతి.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు పెరటి గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, తలపిన్నుతో చెవి గోక్కుంటోంది. వచ్చినదాన్ని వెలుతురులో ఒకసారి చూసుకుని కుర్చీ చేతికి రాసేసింది.

"ఆగక్కడ. బాల్చీలో ఫినాయిలు పోసుంచా. ముంచుకుని రా."

"అక్కడ ముంచే వచ్చానత్తయ్యా."

"మళ్ళీ ముంచితే అరిగిపోతావా? నీ వెనకాలే వస్తుంది కంపు, వీధి మలుపు నుంచి తెలుస్తోంది నాకు."

చిన్నకోడలు ముంచింది. ఇంట్లో ఆమె వంట చెయ్యకూడదు. గిన్నెలు కడగొచ్చు, కడిగినవాటిని అత్తగారు మళ్ళీ కడుగుతుంది. మంచినీళ్ళ కుండ ముట్టుకోకూడదు. మొగుడు వ్యాను నడుపుతాడు. ఇదంతా చూస్తూనే ఉంటాడు. "అమ్మ సంగతి తెలుసుగా, నోట్లో నోరు పెట్టకు" అని పడుకుని గురకపెడతాడు. ఇవన్నీ ఆమె దిగమింగింది. మింగుడుపడనిది ఒక్కటే. పిల్ల.

నాలుగేళ్ళ పిల్ల. మొన్నమొన్నటిదాకా తల్లి కలిపి పెడితే తప్ప తినేది కాదు. ఇప్పుడు అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెడితే మొహం పక్కకు తిప్పేసింది.

"కంపు" అంది.

"ఒక్క ముద్ద తల్లీ. చూడు, చేతులు కడుక్కున్నా."

"వద్దు. కంపు! నానమ్మ పెట్టాలి."

"చూశావా? పసిదానికి కూడా తెలుస్తోంది" అంది అత్తగారు, కంచం అందుకుంటూ. చెవి గోక్కున్న చెయ్యే అది. కానీ పిల్ల నోరు తెరిచింది, గుటుక్కున మింగింది, మళ్ళీ తెరిచింది. చిన్నకోడలు గోడకానుకుని చూస్తూ కూర్చుంది. రేపు ఇంకాస్త ఎక్కువసేపు ముంచాలి అనుకుంది.

*

మర్నాడు దొరగారు బల్ల ఎక్కనని మొరాయించాడు. ఎప్పుడూ దూకి ఎక్కేవాడు. కత్తెరాయన వెనక నుంచి ఎత్తి కూర్చోబెట్టాడు.

"ఏం దొరగారూ, ఇవాళ సెలవా?"

ఎరుపు డొక్కల నుంచి భుజాలకు పాకింది. అక్కడక్కడ పొట్టు లేచి, సన్నగా నీరు కారుతోంది. బొచ్చు జిగురు పట్టి అతుక్కుంది. ముట్టుకుంటే వేలికి తడి తగిలింది. చిన్నకోడలి ఒళ్ళు జలదరించింది. ఇలాంటివెన్నో చూసింది, అయినా జలదరించింది.

మాస్టారు ముందు గదిలో కూర్చోకుండా వెనక్కి వచ్చేశాడు. ఈల తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"మా కోడలు గొడవ చేస్తోందమ్మా. ఇంట్లో చంటివాడున్నాడు కదా. గజ్జి కాదన్నాడు డాక్టరంటే వినదు. ఆదివారంలోపు తగ్గకపోతే దీన్ని ఊరవతల కుక్కల కొట్టానికి పంపెయ్యాలిట. అబ్బాయి కూడా సరేనన్నాడు."

"కొట్టానికా? అక్కడ బతుకుతుందా మాస్టారూ ఇది?" అన్నాడు కత్తెరాయన. "ఇనప బోన్లో సిమెంటు మీద పడుకుంటే ఉన్న చర్మం కూడా ఊడుతుంది."

"అదే నేనూ అన్నా. నా మాట ఎవరు వింటారు? ఈల ఊదితే లైన్లో నిలబడ్డానికి వాళ్ళేమన్నా పిల్లలా?"

ఆ కోడలెవరో చిన్నకోడలు ఎన్నడూ చూడలేదు. చూడకుండానే మండిపోయింది. ఇల్లంతా ముక్కు మూసుకుని తిరిగే మనిషి. చేతికి మట్టి అంటితే ప్రాణం పోయే రకం. అత్తగారినే వయసు తగ్గించి నిలబెట్టినట్టు ఆమె కళ్ళకు కట్టింది.

"తగ్గిపోతుంది మాస్టారూ. నేను తగ్గిస్తా" అంది పంతంగా.

ఇంకా జాగ్రత్తగా కడిగింది. నురగను ఇంకాసేపు ఉంచింది. మగ్గులో చేతులు ఇంకాసేపు ముంచింది, పుళ్ళ మీద పెట్టే చేతులు కదా అని. నూనె మరికాస్త ఒంపుకుని, ఎర్రగా ఉన్నచోటల్లా అరచేతులు పూర్తిగా ఆనించి, కదపకుండా, చర్మంలోకి ఇంకేదాకా అదిమి పట్టుకుంది. దొరగారు గజగజ వణికాడు. గొంతులో ఒక కూత వచ్చి అక్కడే ఆగింది.

"ఓర్చుకో, నీ మంచికే" అంది.

ఆ సాయంత్రం పిల్లను మరుగుదొడ్డికి తీసుకెళ్ళింది. పొద్దున అత్తగారు ధారాళంగా పోసిన ఫినాయిలు ఇంకా గుప్పుమంటోంది. పిల్ల గుమ్మంలోనే ముక్కు మూసుకుని, పని అయ్యేదాకా ఊపిరి బిగబట్టి, బయటికి ఒకటే పరుగు. చిన్నకోడలు నవ్వుకుంది కూడా. అన్నాల వేళకు మళ్ళీ ముద్ద కలిపింది. ఈసారి బుజ్జగించలేదు. గడ్డం పట్టుకుని నోట్లో పెట్టింది.

పిల్ల కళ్ళు తిప్పింది. మెడ నరాలు బిగుసుకున్నాయి. భళ్ళున కక్కింది, తల్లి అరచేతిలో, మోకాళ్ళ మీద.

"చంపేస్తావా ఏమిటే దాన్ని!" అని అత్తగారు ఇంతెత్తున లేచింది. మొగుడు కంచం ముందు నుంచి లేవకుండానే, "ఆ పని మానెయ్యమంటే వినవు" అన్నాడు. మానేస్తే వ్యాను వాయిదా ఎవరు కడతారో మాత్రం అననే అనడు.

చిన్నకోడలు కక్కు తుడిచింది. కుక్కల కక్కు తుడిచిన చేతులు, పిల్ల కక్కు ఒక లెక్కా? పెరట్లోకి వెళ్ళి బాల్చీలో చేతులు పెట్టింది. వేళ్ళ సందుల్లో తెల్లగా ఉబ్బిన చర్మం పొరలుగా లేచి వస్తోంది. ఎన్ని కుక్కల మురికి ఇంకిందో దీన్లో అనుకుంది. తన చేతులంటే తనకే రోత పుట్టింది. అది పిల్ల రోత కన్నా, అత్తగారి రోత కన్నా ఎక్కువగా ఉంది.

*

శుక్రవారం మాస్టారికి మోకాలు పట్టేసింది. కుక్కను కోడలు తీసుకొచ్చింది.

అద్దాల తలుపు భుజంతో తోసుకుని వచ్చింది. గొలుసు పట్టుకున్న చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, ముంజేతి దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంది. గొలుసును ఎంత దూరం చాపగలదో అంత దూరం చాచి పట్టుకుంది. ముక్కుకు చేతిరుమాలు. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి, భుజం మీద చంటిబిడ్డ కక్కిన పాల మరక ఎండి ఉంది.

"త్వరగా కానిచ్చెయ్యండి, బిడ్డను మామయ్యగారి దగ్గర వదిలొచ్చా" అని, గొలుసు వదిలేసి, సోఫాలో ఓ చివర కూర్చుంది.

చిన్నకోడలు వెనక గది గుమ్మంలోంచి చూసింది. తను ఊహించుకున్న మనిషే, ఆ సంచితో సహా. చూసి తృప్తిపడింది.

దొరగారిని బల్ల ఎక్కించి దీపం కిందికి లాగిన కత్తెరాయన, లాగినవాడు లాగినట్టే ఆగిపోయాడు.

"అమ్మాయ్, ఇలా రా. ఇదేమిటిది?"

భుజం మీద వాపు కొంచెం తగ్గి, ఎరుపు చారలుగా విడిపోయింది. చారలు పక్కపక్కనే, ఒక వైపుకు సాగి ఉన్నాయి. కింద వెడల్పాటి మచ్చ. పక్కకు పొట్టిగా ఇంకో చార.

"ఇవి వేళ్ళు" అన్నాడు కత్తెరాయన. "ఇది అరచెయ్యి. ఇదిగో, బొటనవేలు. ఎవరో చాచి కొట్టారమ్మాయ్ దీన్ని. ఒకసారి కాదు, డొక్క మీద కూడా చూడు. ఎవరో ఏమిటి, వచ్చి కూర్చుందిగా ముందు గదిలో!"

కత్తెర బల్ల మీద విసిరేసి వెళ్ళాడు. చిన్నకోడలు ఆపలేదు. ఆపాలని అనిపించలేదు కూడా. కానివ్వు బాబాయ్, ఆ సంచి చేతుల మనిషికి నలుగురిలో గడ్డి పెట్టు అనుకుంది.

"కుక్క వద్దంటే వద్దని చెప్పండమ్మా" అంటున్నాడాయన. "చావబాది, గజ్జి అని పేరు పెట్టి, ముసలాయన్ని ఏడిపించడం ఎందుకు?"

"ఏమిటి మీరనేది? ఎవరు కొట్టారు?"

"దాని ఒంటి మీద చెయ్యి అచ్చు దిగి ఉంది. రండి, చూపిస్తా."

సోఫాలో ఉన్ని బంతిలాంటి కుక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నోరులేని జీవి! ఇలాంటి వాళ్ళింట్లో చంటిబిడ్డ కూడానా?"

"మేం పోలీసులకు చెప్పాల్సొస్తుంది" అంది మేడమ్, ఆ ఆవిడకు బాగా వినపడేట్టు.

మాస్టారి కోడలు లేచి నిలబడింది. "నేనా? కొట్టాలంటే ముట్టుకోవాలి కదండీ! నేను దాన్ని ముట్టుకోనే ముట్టుకోను. అదంటేనే నాకు కడుపులో తిప్పుతుంది. ఇదిగో, ఇది తొడుక్కోనిదే గొలుసు కూడా పట్టుకోను!" అని సంచి తొడిగిన చెయ్యి పైకెత్తి అందరికీ చూపించింది. దాంతో ఆమె మీద ఉన్న కాస్త అనుమానమూ నిజమైపోయింది. ఉన్ని కుక్క ఆవిడ "చూశారా, ఎలా ఒప్పుకుంటోందో" అన్నట్టు మేడమ్ వైపు చూసింది.

వెనక గదిలో చిన్నకోడలు దొరగారి వైపు తిరిగింది.

"నువ్వు భయపడకు" అంటూ చెయ్యి చాపింది.

దొరగారు పొట్ట బల్లకు ఆనేట్టు కుంగిపోయాడు. చెవులు వెనక్కి వాల్చి, బల్ల చివరిదాకా జరిగి, దూకబోయి, ఎత్తు చూసి ఆగాడు. ముందు గదిలోంచి మాస్టారి కోడలి గొంతు గట్టిగా వినపడుతూనే ఉంది. దానికి చెవి కూడా కదల్చలేదు. అతని చూపంతా చిన్నకోడలి చెయ్యి మీద ఉంది.

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత, ఎందుకు చేసిందో తనకే తెలియకుండా, మెల్లగా దించి ఆ అచ్చు మీద పెట్టింది.

చూపుడు వేలి మీద చూపుడు వేలు. మధ్య వేలు, ఉంగరం వేలు. అరచేతి కింద అరచెయ్యి. చిటికెన వేలి దగ్గర చార పైకణుపు నుంచి బయటికి వంగి ఉంది. తలుపు సందులో నలిగిన వేలు ఎలా వంగిందో అలాగే.

మగ్గులోంచి ఘాటు ముక్కుకు కొట్టింది. ఆ ఘాటు ఎప్పుడూ ఉన్నదే, ఇప్పుడే కొత్తగా తగిలింది. పుండు మీద ఫినాయిలు చేతులు పెట్టి, నీ మంచికే అంటూ అదిమి పట్టుకుంది తను. మిగతా కుక్కల్లా నెలకోసారి కాదు, రోజూ. పొడుగు బొచ్చు కుక్కైతే తెలిసేదే కాదు. మగ్గును తొట్టి వెనక నుంచి తీసి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడింది.

మేడమ్ లోపలికొచ్చింది. "ఏమైంది నీకు? సీసా ఏది, త్వరగా స్నానం కానివ్వు."

"ఆవిడ కొట్టలేదు మేడమ్. ఇవి నా చేతులు. ఫినాయిలు ముంచుకుని నూనె రాశాను, వారమంతా."

మేడమ్ ఆ మగ్గు వైపు చూసింది, కుక్క వైపు చూసింది, గది తలుపు మూసేసింది.

"నోరు మూసుకో. ఈ మాట ఇంకోసారి ఎత్తకు. ఆవిడ కాసేపు ఏడ్చి వెళ్ళిపోతుంది, అంతటితో సరి. నువ్వు చెప్పావంటే రేపట్నుంచి ఈ గుమ్మం తొక్కేదెవరు?"

"కొట్టలేదు కదా మేడమ్ ఆవిడ!"

"కొట్టకపోతేనేం? అసహ్యించుకుంటోందిగా. పడనీ."

ఒక్క క్షణం క్రితం తను అనుకున్నది కూడా సరిగ్గా అదే. మేడమ్ నోట వింటే అది పాచి మెతుకులా ఉంది. చిన్నకోడలు మగ్గు తీసుకుని తలుపు తెరిచింది.

ముందు గదిలో మాస్టారి కోడలు చేతిరుమాలుతో ఇప్పుడు ముక్కు కాదు, కళ్ళు తుడుచుకుంటోంది. చిన్నకోడలు మగ్గు ఆమె కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది. రెండు చేతులూ వెలుతురులో చాపింది.

"మీరు కొట్టలేదమ్మా. అవి నా చేతుల అచ్చులు. దీన్లో ముంచి రాశాను. కుక్క ఒళ్ళు కాలింది దీంతోనే."

కత్తెరాయన నోరు తెరిచి మూసుకున్నాడు, ఆయన జీవితంలో అది అరుదైన సంగతి. మాస్టారి కోడలు వంగి మగ్గు వాసన చూసి వెనక్కి జరిగింది.

"మరుగుదొడ్లో పోసేది కదండీ ఇది! చేతులు దీన్లో ముంచడమేమిటి?"

"మా ఇంట్లో వాళ్ళకు అసహ్యమండీ. కుక్కల కంపని... మా పిల్ల నా చేతి ముద్ద తినడం లేదు."

మాస్టారి కోడలు ఏదో ఘాటుగా అనబోయింది. ఆమె చూపు చిన్నకోడలి వేళ్ళ సందుల్లో లేచిన పొరల మీద నిలిచింది, అక్కణ్ణుంచి తన చేతికున్న సంచి మీదికి వెళ్ళింది.

"మామయ్యగారికి మీరే వచ్చి చెప్పండి" అంది చివరికి. "నేను చెబితే నమ్మరు. గొలుసు కూడా మీరే పట్టుకోండి."

"ఇప్పుడు గడప దాటితే మళ్ళీ రానక్కర్లేదు" అంది మేడమ్ వెనక నుంచి.

కత్తెరాయన గొలుసు తెచ్చి చిన్నకోడలి చేతికిచ్చాడు. "సోమవారం పొద్దున్నే రా అమ్మాయ్. ఈలోగా నేను మాట్లాడతా. వారానికి ఎన్ని పొట్టి బొచ్చువి వస్తాయో లెక్క చెబితే కోపం అదే దిగుతుంది" అని మెల్లగా అన్నాడు. మేడమ్ విననట్టు సీసాలు సర్దుకుంది.

*

మాస్టారింటి పెరట్లో కుళాయి దగ్గర దొరగారిని నిలబెట్టి నీళ్ళు పోసింది. సబ్బు లేదు, నూనె లేదు, ఒట్టి నీళ్ళు. ముందు తన చేతులు ఎర్రబడేదాకా ఆ నీళ్ళలోనే కడుక్కుంది. వంటింట్లోంచి మాస్టారి కోడలు కాచిన నీళ్ళ బిందె తెచ్చి, దూరంగా పెట్టి వెళ్ళింది. మోచేత్తో చూసుకుని రెండూ కలుపుకుంది. నూనె జిడ్డు పూర్తిగా వదిలేదాకా పోసింది.

చెప్పాల్సిందంతా చెప్పింది. మాస్టారు కుర్చీలో మోకాలికి గుడ్డ చుట్టుకుని కూర్చుని విన్నాడు.

"తిడదామంటే నోరు రావడం లేదు తల్లీ" అన్నాడు. "వాడు రానని మొరాయిస్తుంటే రోజూ లాక్కొచ్చి నీ చేతికిచ్చింది నేనే."

దొరగారు ఆమెను క్షమించిన సూచనలేవీ చూపించలేదు. నీళ్ళు పోసినంతసేపూ కాళ్ళు బిగించుకుని, ఆమె చెయ్యి ఎటు కదిలితే అటు కళ్ళు తిప్పుతూ నిలబడ్డాడు. తువ్వాలు అద్దేటప్పుడు మాత్రం ఎక్కడో అలిసిపోయి, కొంచెం, చాలా కొంచెం, ఆమె మోకాలికి ఆనుకున్నాడు. ఆమె కదలకుండా ఉండిపోయింది.

"ఆదివారం..." అన్నాడు మాస్టారు, కోడలి వైపు చూడకుండా.

"ఆదివారం సంగతి ఆదివారం చూద్దాం" అంది కోడలు లోపల్నుంచి. "అది గజ్జి కాదుగా."

చిన్నకోడలు ఇల్లు చేరేసరికి బట్టలన్నీ సగం తడి, సగం తేనెరంగు సూదులు. అత్తగారు కుర్చీలో ఉంది. బాల్చీ దాని చోట ఉంది.

"ముంచుకో."

"ముంచనత్తయ్యా."

"ఏమన్నావ్?"

"ఇంక ముంచను. దీంతో కుక్క చర్మమే ఊడింది. నాదీ ఊడుతోంది." బాల్చీ ఎత్తి తూములో ఒంపేసింది. కుళాయి తిప్పి, అందరూ కడుక్కున్నట్టే ఒట్టి నీళ్ళతో చేతులు కడుక్కుంది, అత్తగారి కుర్చీ పక్కనుంచి ఇంట్లోకి నడిచింది.

"ఒరేయ్, చూశావట్రా నీ పెళ్ళాన్ని! కుక్కల్ని తోమిన చేతుల్తో ఇంట్లోకి వస్తోంది. ఛీ, ఛీ!" అని అత్తగారు వెనకాలే వచ్చింది. మొగుడు కంచం ముందు నుంచి తలెత్తాడు. పెళ్ళాం మొహం చూసి మళ్ళీ దించుకున్నాడు.

చిన్నకోడలు కంచంలో అన్నం పెట్టుకుని నేల మీద కూర్చుంది. పిల్లను పిలవలేదు. పిలిస్తే మొహం తిప్పేసుకుంటుందేమోనన్న భయం. అన్నం ముందు పెట్టుకుని ఊరికే కూర్చుంది.

పిల్ల తనంతట తనే వచ్చింది. ముందు దూరంగా నిలబడింది. తర్వాత ఒక అడుగు వేసి, తల్లి చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. అచ్చం చిన్నకోడలు దూది వాసన చూసినట్టే చూసింది. ఆ చెయ్యికి అతుక్కున్న వెంట్రుక ఒకటి ముక్కులో గుచ్చుకుని తుమ్మింది.

"కంపు పోయింది" అంది.

"ఏం పోయింది? కుక్క కంపు గుప్పుమంటుంటేనూ!" అంది అత్తగారు.

పిల్ల మళ్ళీ వాసన చూసింది. "కంపు కాదు నానమ్మా. మరుగుదొడ్డి కంపు పోయింది. ఇది కుక్క వాసన" అని, తల్లి ఒళ్ళో చతికిలబడి నోరు తెరిచింది.

చిన్నకోడలు అన్నం కలిపింది. పగుళ్ళలోకి ఉప్పు, కారం దిగి చుర్రుమని మండింది. వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. భయం భయంగా, ఉసిరికాయంత ముద్ద చేసి నోటికందించింది.

"పెద్దది" అంది పిల్ల.